బాడుగ ఇచ్చేదెవరు?

వేలూరు సీఎంసీ ఆస్పత్రి ఎదుట గాంధీ రోడ్డులో అంగళ్ల బోర్డులు తమిళంతో పాటు బెంగాలీలోనూ హిందీలోనూ కనిపిస్తాయి. సందులోకి తిరిగితే లాడ్జీ పక్కన లాడ్జీ. కింది అంతస్తుల్లో చేపల కూర భోజనం, మందుల షాపు, రైలు టికెట్లు తీసిచ్చే చిన్న గది. కోల్‌కతా నుంచో జార్ఖండ్ నుంచో బంగ్లాదేశ్ నుంచో వచ్చిన కుటుంబం స్కాన్ రిపోర్టు కోసం, ఆపరేషన్ తేదీ కోసం రోజులకు రోజులు ఇక్కడే కాచుకోవాలి. 1900లో అయిడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల చలవ ఇది. కాట్పాడి వైపు 1984లో ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టిన వీఐటీ యూనివర్సిటీది కూడా అదే కథ. దాని చుట్టూ హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు అంగళ్లు పెరిగాయి. ఆంధ్రా, తెలంగాణ పిల్లలు ఎంతమంది ఉన్నారో సాయంత్రం టీ అంగడి ముందు నిలబడితే చెవికే తెలుస్తుంది.

వేలూరికి దగ్గర్లోని మన గుడియాత్తంలో నాలుగు డబ్బులు కూడబెట్టినవాళ్లు కాంప్లెక్సు కట్టాలనుకుంటే ముందు స్థలం రేటు అడుగుతారు, తర్వాత ఇటుక, సిమెంటు లెక్క వేస్తారు. ఆ గదుల్లోకి ఎవరొస్తారు, ఎందుకొస్తారు, ఎన్నాళ్లుంటారు అన్నది చివరికి మిగిలిపోతుంది. అమెరికా నగరాలు ఈ ప్రశ్నను పక్కన పెట్టి ఎంత నష్టపోయాయో గత ఐదారేళ్లలో లోకమంతా చూసింది.

అక్కడ చాలాకాలం ఆఫీసు భవనమంటే కళ్లు మూసుకుని పెట్టుబడి పెట్టే ఆస్తి. పెద్ద కంపెనీ పదేళ్లకు లీజు రాస్తుంది, బాడుగ నెలనెలా వస్తుంది. 2020లో కోవిడ్ వచ్చి ఉద్యోగులు ఇళ్లకు పోయారు. చాలామంది వారానికి ఐదు రోజుల ఆఫీసుకు మళ్లీ తిరిగి రాలేదు. లీజులు ముగిసేకొద్దీ అంతస్తులు ఖాళీ అయ్యాయి. 2024 నాటికి దేశం మొత్తం మీద ఆఫీసు జాగాలో దాదాపు ఐదో వంతు ఖాళీ. శాన్ ఫ్రాన్సిస్కోలో మూడో వంతు.

ఖాళీతో పాటు వడ్డీ కూడా దెబ్బ కొట్టింది. 2022 మొదట్లో సున్నాకు దగ్గరగా ఉన్న వడ్డీ రేటును అక్కడి ఫెడరల్ రిజర్వ్ 2023 జూలై కల్లా 5.25–5.5 శాతానికి తీసుకెళ్లింది. ఒక భవనం ఖర్చులన్నీ పోను ఏడాదికి పది లక్షలు ఇస్తుందనుకుందాం. కొనేవాడు ఐదు శాతం రాబడితో తృప్తిపడితే దాని ధర రెండు కోట్లు. బ్యాంకు వడ్డీ పెరిగి వాడు ఏడు శాతం కావాలంటే అదే భవనం కోటీ నలభై మూడు లక్షలు. ఒక్క ఇటుక కదలలేదు, ఒక్క అద్దెదారుడు పోలేదు, యాభై ఏడు లక్షలు ఆవిరి. మారే వడ్డీకి అప్పు తెచ్చి కొన్నవాళ్లు ఈ లెక్కలోనే మునిగారు. డల్లాస్, హ్యూస్టన్ లాంటి చోట్ల పదిమంది కలిసి డబ్బు వేసి అపార్ట్‌మెంట్లు, షాపుల వరసలు కొనే పద్ధతి మన సాఫ్ట్‌వేర్ వాళ్లలోనూ బాగా పాకింది కాబట్టి ఆ వేడి తెలుగు ఇళ్లకూ తగిలింది.

అయితే డబ్బు ఊరుకోదు కదా. ఆఫీసులు వదిలి గోదాముల వైపు, ఉత్తర వర్జీనియాలో ఆష్‌బర్న్ చుట్టూ లేచిన డేటా సెంటర్ల వైపు, డాక్టర్ల క్లినిక్కుల భవనాల వైపు, విద్యార్థుల వసతి వైపు మళ్లింది. న్యూయార్క్‌లో 25 వాటర్ స్ట్రీట్ అనే పాత ఆఫీసు భవనాన్ని సుమారు 1,300 ఫ్లాట్లుగా మార్చేశారు. అలాగని ఆఫీసుల పని అయిపోయిందనుకోకూడదు. అదే ఊళ్లో జేపీ మోర్గాన్ 270 పార్క్ అవెన్యూలో అరవై అంతస్తుల కొత్త కార్యాలయాన్ని 2025లో తెరిచింది. మంచి చోట కొత్త భవనం నిండుతోంది, పాతది వెలవెలబోతోంది.

ఆస్పత్రినీ యూనివర్సిటీనీ నమ్ముకున్న ఊరు త్వరగా మునగదని అమెరికావాళ్లు కొత్తగా చెప్పుకుంటున్న మాట వేలూరులో లాడ్జీ యజమానికి తాతల నాటి నుంచి తెలుసు. కానీ ఇందులోనూ ఒక మెలిక ఉంది. లాడ్జీలన్నీ ఒకే ఆస్పత్రి గేటును నమ్ముకున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో రైళ్లు ఆగాయి. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలాక బంగ్లాదేశీయులకు మన వీసాలు బాగా తగ్గిపోయాయి. ఢాకాలో గొడవకు గాంధీ రోడ్డులో గది ఖాళీ అవుతుందని కట్టేటప్పుడు ఎవరు ఊహిస్తారు? అంతకు ముందే, 2022లో, సీఎంసీ రాణిపేట దగ్గర హైవే పక్కన పెద్ద క్యాంపస్ తెరిచి కొన్ని విభాగాలను అక్కడికి తరలించింది. రోగి ఎటు పోతే భోజనం హోటలూ అటే పోతుంది.

ఇక మన లెక్క. గుడియాత్తం లుంగీల ఊరు, అగ్గిపెట్టెల ఊరు. ఇక్కడి బజారుకు బయటి రోగులు, విద్యార్థులు ఆధారం కారు. మగ్గం కూలి, ఫ్యాక్టరీ కూలి, చుట్టుపక్కల పల్లెల బేరం ఆధారం. యాభై లక్షలు పెట్టి కొన్న అంగడికి నెలకు పదిహేను వేలు బాడుగ వస్తే ఏడాదికి లక్షా ఎనభై వేలు, అంటే 3.6 శాతం. ఇంటిపన్ను, మరమ్మతు, రెండు నెలల ఖాళీ తీసేస్తే మూడు శాతం కూడా నిలవదు. బ్యాంకు డిపాజిట్ అంతకంటే ఎక్కువ ఇస్తుంది. అయినా కొంటున్నామంటే బాడుగ కోసం కాదు, రేపు స్థలం ధర పెరుగుతుందని. అది పెట్టుబడే, కాదనను. కానీ బాడుగ రాబడి అని చెప్పుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

బాడుగ బదులు పెద్ద మొత్తం భోగ్యానికి తీసుకునే యజమానులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి: అది ఆదాయం కాదు, తిరిగివ్వాల్సిన అప్పు. కాగితాల విషయానికొస్తే, తమిళనాడులో 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కొత్త అద్దె చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, నమోదు చేయించాలి. వేరే ఒడంబడిక లేకపోతే అడ్వాన్సు మూడు నెలల బాడుగ దాటకూడదు. నోటిమాట మీద నడిచే అంగళ్లు ఇంకా ఉన్నాయి, గొడవ వచ్చిన రోజున వాటికి దిక్కులేదు. హాస్టల్ కట్టేవాళ్లకు 2024లో ఒక వెసులుబాటు దొరికింది. మనిషికి నెలకు ఇరవై వేల లోపు తీసుకుని, వరసగా తొంభై రోజులైనా ఉంచుకుంటే జీఎస్టీ లేదు. నాలుగు రోజులుండి పోయే రోగికి గది ఇచ్చే లాడ్జీకి ఈ మినహాయింపు వర్తించదు.

కాంప్లెక్సు కట్టేంత డబ్బు లేనివాళ్లకు రీట్లు, అంటే స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులు, ఉన్నాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో వీటికి నిబంధనలు తెచ్చింది, 2019లో ఎంబసీ రీట్ మొదటిదిగా మార్కెట్‌కొచ్చింది. పెద్ద భవనాల బాడుగలో చిన్న వాటా కొనుక్కోవడమే ఇది. హైదరాబాద్‌లో మాదాపూర్ మైండ్‌స్పేస్ అలాంటి ఒక రీట్ చేతిలో ఉంది, కూకట్‌పల్లిలోని ఒక మాల్ ఇంకో దాని చేతిలో. పంపిణీకి వచ్చే నగదులో కనీసం 90 శాతం వాటాదారులకు పంచాలి, ఆస్తుల్లో 80 శాతం కట్టడం పూర్తయి బాడుగ వస్తున్నవై ఉండాలి. యూనిట్ ధర రోజూ కదులుతుంది, వడ్డీ పెరిగితే ఇవీ దిగుతాయి. అయినా ఒక్క అద్దెదారుడు ఖాళీ చేస్తే నెల గడవని పరిస్థితి మాత్రం ఉండదు.

ఇప్పుడు మన వైపు వినిపిస్తున్న మంత్రం చెన్నై–బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే. 262 కిలోమీటర్ల ఈ దారి పలమనేరు, చిత్తూరు మీదుగా రాణిపేటకు వస్తుంది, గుడియాత్తాన్ని తాకదు. పైగా ఇది పాత హైవే లాంటిది కాదు. పక్కన అంగడి పెట్టి లారీ ఆపించుకునే వీలుండదు, నిర్ణయించిన చోట్లనే ఎక్కాలి, దిగాలి. ఆ దిగే చోటికి దగ్గర్లో గోదాముకు గిరాకీ రావచ్చు. మిగతా పొడవునా కంచె అవతల పొలం పొలమే. దాని పేరు చెప్పి ప్లాటు అమ్మజూపే బ్రోకర్‌ను, దిగే దారి ఎన్ని కిలోమీటర్లని అడిగి, తనే బండి నడిపి తీసుకెళ్లి చూపించమనండి.