అక్షరమా, అభిమతమా? - అలాస్కా సెనేట్ ఎన్నిక (2010): ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఓడిపోయిన అలాస్కా సిట్టింగ్ సెనేటర్ లీసా మర్కౌస్కీ, 2010 నవంబరులో ఓటర్ల చేత తన పేరు రాయించుకొని తిరిగి గెలుపొందారు. ఓటుపత్రం మీద ఆమె పేరు అచ్చు కాలేదు. ఈ ప్రచారం సాగిన తీరును, లెక్కింపులో తలెత్తిన అక్షరదోష వివాదాన్ని, దానిపై న్యాయస్థానం ఇచ్చిన తీర్పును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సెనేట్, ప్రాథమిక ఎన్నిక, రైట్-ఇన్ ఓటు, వర్ణక్రమం, ఓటరు అభిమతం.

1. ఉపోద్ఘాతం

అమెరికా సెనేట్‌లో జనాభాతో నిమిత్తం లేకుండా ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సభ్యులుంటారు. వారి పదవీకాలం 6 సంవత్సరాలు. మన రాజ్యసభ సభ్యులను రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకుంటారు. అమెరికాలో మాత్రం 1913 నాటి 17వ రాజ్యాంగ సవరణ తరువాత సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం. తిరిగి పోటీచేసే సెనేటర్ సాధారణంగా రెండు పరీక్షలు దాటాలి. మొదటిది పార్టీ అభ్యర్థిని నిర్ణయించే ప్రాథమిక ఎన్నిక (ప్రైమరీ), రెండవది సాధారణ ఎన్నిక. మొదటి పరీక్షలోనే ఓడినవారి రాజకీయ జీవితం చాలావరకు అక్కడితో ముగుస్తుంది. అందుకు భిన్నమైన ఉదాహరణ అలాస్కా ఎన్నిక.

2. నేపథ్యం

లీసా మర్కౌస్కీ తండ్రి ఫ్రాంక్ మర్కౌస్కీ సుదీర్ఘకాలం సెనేటర్‌గా పనిచేశారు. 2002లో గవర్నరుగా ఎన్నికైన ఆయన, తాను ఖాళీచేసిన సెనేట్ స్థానంలో కుమార్తెను నియమించారు. వారసత్వంగా వచ్చిన పదవి అనే విమర్శ నాటినుంచి ఆమెను వెంటాడింది. అయినా 2004 ఎన్నికలో ఆమె ప్రజల ఓటుతో గెలిచారు. 2010 ఆగస్టు 24న జరిగిన రిపబ్లికన్ ప్రాథమిక ఎన్నికలో న్యాయవాది జో మిల్లర్ ఆమెను సుమారు 2,000 ఓట్ల తేడాతో ఓడించారు. మాజీ గవర్నర్ శారా పాలిన్, టీ పార్టీ ఉద్యమ వర్గాలు మిల్లర్‌కు అండగా నిలిచాయి. ఆగస్టు 31న మర్కౌస్కీ ఓటమిని అంగీకరించారు. సెప్టెంబరు 17న మాత్రం రైట్-ఇన్ అభ్యర్థిగా తిరిగి బరిలోకి దిగుతున్నట్లు ప్రకటించారు.

3. పేరు రాయించే ప్రచారం

అలాస్కా ఓటుపత్రంలో అచ్చయిన పేర్ల కింద ఒక ఖాళీ గీత, దాని పక్కన అండాకారపు గడి ఉంటాయి. జాబితాలో లేని వ్యక్తిని కోరుకునే ఓటరు ఆ గడిని నింపి, గీతమీద పేరు రాయాలి. దీనినే రైట్-ఇన్ ఓటు అంటారు. ఈ పద్ధతిలో సెనేట్‌కు గెలవడం అంతకుముందు చాలా అరుదు. అలా గెలిచినవారిలో ఒకరు 1954లో దక్షిణ కెరొలినా నుంచి ఎన్నికైన స్ట్రామ్ థర్మండ్.

కనుక మర్కౌస్కీ ప్రచారానికి రెండు పనులు పడ్డాయి: ఓటరును ఒప్పించడం, ఆపై రాయడం నేర్పడం. ఆమె ఇంటిపేరు పోలిష్ మూలానికి చెందినది. పలికే తీరునుబట్టి ఆంగ్లంలో దాని వర్ణక్రమం ఊహించడం సులభం కాదు. అక్షరానికీ ధ్వనికీ సన్నిహిత సంబంధమున్న తెలుగు లిపికి అలవాటుపడినవారికి ఈ ఇబ్బంది కొత్తగా తోచవచ్చు. ఆమె పేరు ముద్రించిన చేతిపట్టీలను ప్రచారబృందం పంచిపెట్టింది. గడి నింపడం, పేరు రాయడం అనే రెండు క్రియలే ప్రచారానికి ప్రధాన నినాదమయ్యాయి.

ఆదివాసీల మద్దతు ఆమెకు కీలకమైంది. అలాస్కా ఆదివాసీల సమాఖ్య ఆమెను బలపరిచింది. 1971 నాటి భూపరిష్కార చట్టం కింద ఏర్పడిన ఆదివాసీ కార్పొరేషన్లు ఆమె తరఫున స్వతంత్రంగా ప్రచారం చేయించాయి.

రైట్-ఇన్ అభ్యర్థుల జాబితాను పోలింగ్ కేంద్రాల్లో ఉంచవచ్చా అన్నది మరో వివాదమైంది. రెండు ప్రధాన పార్టీలూ దీనిని వ్యతిరేకించాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు జాబితాను అనుమతించింది. దానికి నిరసనగా వందకు పైగా వ్యక్తులు రైట్-ఇన్ అభ్యర్థులుగా నమోదై, ఆ జాబితాలో ఆమె పేరు వెతుక్కోవలసిన స్థితి తెచ్చారు.

4. లెక్కింపు - అక్షరదోష వివాదం

నవంబరు 2న పోలింగు జరిగింది. రైట్-ఇన్ ఓట్లను రాజధాని జూనోలో అధికారులు ఒక్కొక్కటిగా చేతితో పరిశీలించారు. ఇరుపక్షాల పరిశీలకులూ పక్కనే ఉన్నారు. నమోదుపత్రంలో ఉన్న పేరు గాని, ఇంటిపేరు గాని రాయాలని చట్టం చెబుతున్నది. ఒక్క అక్షరం తప్పినా ఓటు చెల్లదని మిల్లర్ పక్షం వాదించింది. పలికితే ఆమె పేరు ధ్వనించే ఓటును స్వీకరించవచ్చని ఎన్నికల అధికారులు భావించారు.

తుది లెక్కలో మర్కౌస్కీకి సుమారు 39 శాతం, మిల్లర్‌కు 35 శాతం, డెమొక్రాటిక్ అభ్యర్థి స్కాట్ మెక్ఆడమ్స్‌కు 23 శాతం ఓట్లు లభించాయి. ఆధిక్యం 10,000కు పైగా ఉంది. మిల్లర్ పక్షం అభ్యంతరం తెలిపిన ఓట్లు సుమారు 8,000. వాటన్నిటినీ తీసివేసినా ఆమెకు 2,000కు పైగా ఆధిక్యం మిగిలింది.

5. న్యాయస్థాన తీర్పు

వివాదం మిల్లర్ - ట్రెడ్‌వెల్ వ్యాజ్యంగా రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరింది. 2010 డిసెంబరు 22న వెలువడిన తీర్పు ఓటరు అభిమతానికే ప్రాధాన్యమిచ్చింది. ఆంగ్లం మాతృభాష కానివారు, మాట్లాడగలిగినా చక్కగా రాయలేనివారు, శారీరక వైకల్యమో అభ్యసన లోపమో ఉన్నవారు కూడా ఓటర్లేనని, వర్ణక్రమం తప్పినంత మాత్రాన వారి హక్కు పోరాదని న్యాయస్థానం భావించింది.

అదే న్యాయస్థానం గడి నింపని ఓట్లను అంగీకరించలేదు. వాటినీ లెక్కించాలని మర్కౌస్కీ పక్షం కోరింది. గడి నింపాలన్న నియమం చట్టంలో స్పష్టంగా ఉన్నందున ఆ కోరికను కోర్టు తిరస్కరించింది. రైట్-ఇన్ ఓటును లెక్కింపు యంత్రం గుర్తించేది కూడా ఆ గడి ద్వారానే. అభిమతాన్ని ఉదారంగా చదవవచ్చునే కాని, చట్టం స్పష్టంగా విధించిన నియమాన్ని దాటరాదన్నది ఈ రెండు నిర్ణయాల సారం. పేరు సరిగా రాసినా గడి నింపడం మరచిన ఓటరు ఈ హద్దుకు అవతలే ఉండిపోయాడు.

6. భారతీయ పద్ధతితో పోలిక

భారతదేశంలో 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచే నిరక్షరాస్యులను దృష్టిలో ఉంచుకొని ఎన్నికల గుర్తులు ప్రవేశపెట్టారు. మన అభ్యర్థి గుర్తును గుర్తుంచుకోమంటాడు. అలాస్కా అభ్యర్థి వర్ణక్రమాన్ని గుర్తుంచుకోమనవలసి వచ్చింది. గుర్తుల పద్ధతిలో అక్షరదోష వివాదానికి తావు లేదు. అయితే జాబితాలో లేని వ్యక్తిని ఎన్నుకునే స్వేచ్ఛా లేదు.

7. ముగింపు

డిసెంబరు 30న ఫలితం ధ్రువీకృతమైంది. తండ్రి నియామకంతో సెనేట్‌లో అడుగుపెట్టిన సభ్యురాలి పేరును లక్షమంది ఓటర్లు స్వహస్తాలతో రాశారు. వారసత్వ విమర్శకు ఇంతకంటే సూటియైన సమాధానం ఉండదు. 2020లో అలాస్కా ఓటర్లు పార్టీలవారీ ప్రాథమిక ఎన్నికను రద్దుచేసి, ప్రాధాన్యక్రమ ఓటింగును ఆమోదించారు. ఆ కొత్త పద్ధతిలో 2022లో మర్కౌస్కీ మళ్లీ గెలిచారు. అయినా 2010 ఎన్నిక లేవనెత్తిన ప్రశ్న అలాగే నిలిచి ఉంది. రాత సరిగా రానివారి నిర్ణయాన్ని కూడా సరిగా చదవగలగడం ప్రజాస్వామ్య వ్యవస్థ బాధ్యత. ఆ చదువు ఎక్కడ ఆగాలో చెప్పవలసింది చట్టం.