ఏరబడనివాని ఆట

చదువుకొనువానికి బంతితో నేమి పని యని మన పెద్దలు కొంద ఱిప్పటికిని అడుగుచుందురు. ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసిన భారము మాటలకంటె కార్యమునకే యెక్కువ గలదు.

తెలంగాణ విశ్వవిద్యాలయము 2006వ సంవత్సరమున స్థాపితమైనది. దాని ముఖ్యస్థానము డిచ్‌పల్లి. దక్షిణ ప్రాంగణము కామారెడ్డికి దిగువగా భిక్కనూరులో నున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి ప్రత్యేక జిల్లా యయ్యెను. ఎల్లారెడ్డి యందొక రెవెన్యూ డివిజను. ఈ రెండు ప్రాంతముల విద్యార్థులు తమంతట తాము గూడి యీ ప్రాంగణమున నొక క్రీడాసంఘమును నెలకొల్పుకొనవలెనని మేము కోరుచున్నాము.

విశ్వవిద్యాలయము జట్లను పంపుచునే యుండగా వేఱు సంఘ మేల యని శంక కలుగవచ్చును. అధికారులు సమర్థుల నేరి అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు పంపుదురు. అది వారి ధర్మము. కాని చెడుగుడు బరిలో నొక పక్షమున నిలుచువారు ఏడుగురే. ఏరబడనివారందఱు గట్టున గూర్చుండి చప్పట్లు చఱచుటయేనా వ్యాయామవిద్య? సంఘము వారికొఱకు. ఆంగ్లదేశమున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల నడుమ 1829లో మొదలైన ప్రసిద్ధమగు పడవపందెమును దలపెట్టినవా రిద్దఱు విద్యార్థి మిత్రులే కాని అధికారులు గారు.

ఇక మన ప్రాంతపు చిక్కును గమనింపుడు. ఎల్లారెడ్డివైపు పల్లెలనుండి వచ్చు విద్యార్థికి బస్సే దిక్కు. సాయంకాలపు బస్సు తప్పినచో రాత్రి యెక్కడనో తెలియదు. ఆటలన్నియు సాయంకాలమే యనినచో, అది వసతిగృహవాసుల సంఘ మగునుగాని యెల్లరిదియు గాదు. కావున వారమున కొకనాడైనను పాఠముల నడుమ గంటన్నర కాలము ఆటకు విడిచి, దానిని కాలపట్టికలో వ్రాయవలయును. సెలవుదినముల పోటీలు ఒక మాఱు కామారెడ్డిలోను, ఒక మాఱు ఎల్లారెడ్డిలోను జరుగవలయును.

యువతుల విషయము మఱింత ముఖ్యము. కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి బోవు త్రోవలోని తాడ్వాయి గురుకుల పాఠశాలలో జదివిన మాలావత్ పూర్ణ, 2014 మే 25వ తేదీన, పదుమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరము నెక్కినది. అంతటి మంచుకొండ యామె నాపజాలలేదు. మన యింటి పిల్లలను మైదానపు వాకిలియే యాపుచున్నచో తప్పెవరిది? దుస్తులు మార్చుకొన నొక గది, వారికని నిర్ణయించిన వేళ, కార్యవర్గమున సగము స్థానములు: ఈ మూడును మొదటి నాడే యీయవలయును. పిమ్మట చూతమనుట లేదనుటయే.

ధనము లేదను మాట మాకు రుచింపదు. చెడుగుడు బరికి పదుమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పుగల మెత్తని నేల చాలును. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో స్థానము పొందిన ఆట యిది; మన పిల్లలకు పుట్టుకతో వచ్చినది. భూస్వాములారా! కోతలైన వెనుక ఖాళీగా నుండు మీ చెలకలలో నొక ముక్క పోటీదినములకు విడుచుట మీకు బరువా? పట్టణపు వర్తకులు బంతులు, వలలు సమకూర్ప లేరా? పుచ్చుకొన్న ప్రతి రూపాయకు లెక్క వ్రాసి, నెలనెలకు ప్రకటనఫలకమున నంటింపవలయును. కార్యవర్గము నేటేట విద్యార్థులే యెన్నుకొనవలయును. పార్టీల జెండాలు మైదానపు గట్టుకు వెలుపలనే నిలుచుగాక.

ప్రారంభోత్సవమునాడు పూలదండలకు మెడ లొగ్గువారికి కొదువ యుండదు. మూడవ నెలలో బంతికి గాలి పోయినపుడు పంపు వెదకి తెచ్చువా డొక్కడుండిన సంఘము బ్రదుకును. అట్టివారిని పదిమందిని ఈ రెండు ప్రాంతములు ఈయగలవని మా నమ్మకము.