తిరుగు కదలికలోనే అసలు పని

పిలాటిస్ స్టూడియోలో ముఖ్యమైన సాధనం రిఫార్మర్. మంచంలాంటి చట్రం, అందులో పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిగే మెత్తటి పలక, పలకను చట్రానికి కలిపే నాలుగైదు స్ప్రింగులు, పాదాలు ఆనించడానికి కడ్డీ, చేతులతో లాగడానికి పట్టీలు. వెల్లకిలా పడుకుని కడ్డీని నెడితే పలక జరుగుతుంది.

డంబెల్ బరువు ఎప్పుడూ ఒకటే. స్ప్రింగు మాత్రం సాగేకొద్దీ గట్టిగా లాగుతుంది. కాళ్లు చాపేటప్పుడు దాన్ని మనం సాగదీస్తాం, ముడిచేటప్పుడు అది పలకను లాక్కుపోవాలని చూస్తుంది. పలక ఠక్కున కొట్టుకోకుండా నెమ్మదిగా వెనక్కి రావాలంటే తొడ ముందు కండరం సాగుతూనే బిగువు వదలకుండా ఉండాలి. దీన్ని ఎక్సెంట్రిక్ కదలిక అంటారు. మెట్లు దిగేటప్పుడు మోకాలిని కాపాడేది ఈ పనే. నెట్టడం ఎవరికైనా వస్తుంది. తిరిగి రావడాన్ని అదుపులో ఉంచడం నేర్చుకోవాలి.

స్ప్రింగులు తగ్గిస్తే ప్రతిసారీ సులువు అవుతుందనుకోవద్దు. చేతులు కడ్డీ మీద, పాదాలు పలక మీద ఉంచి శరీరాన్ని నిటారుగా నిలిపే ఆసనంలో, స్ప్రింగు తగ్గితే పలక నిలకడ కోల్పోతుంది. అప్పుడు పొట్ట, నడుము కండరాలు ఎక్కువ కష్టపడాలి. ఎవరికి ఎన్ని స్ప్రింగులన్నది ఉపాధ్యాయుడు కళ్లతో చూసి తేల్చాల్సిన విషయం.

ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయనను శత్రుదేశ పౌరుడిగా ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో నిర్బంధించింది. 1926లో అమెరికా చేరి, న్యూయార్క్‌లో భార్య క్లారాతో కలిసి స్టూడియో నడిపారు. గాయపడిన నర్తకులు అక్కడికి వచ్చేవారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. ఆయన 1967లో మరణించారు. పిలాటిస్ అన్నది ఒక వ్యాయామ పద్ధతి పేరేనని, దానిపై ఎవరికీ ట్రేడ్‌మార్క్ హక్కు ఉండదని 2000లో అమెరికా న్యాయస్థానం తేల్చింది. అంటే బోర్డు మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన లోపలి శిక్షణకు హామీ లేదు. చేరేముందు ఉపాధ్యాయుడు ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారో అడగండి.

నడుము నొప్పికి పిలాటిస్‌ను సూచించడం వెనుక ఒక పరిశోధన ఉంది. చెయ్యి ఎత్తబోతే, అది కదలకముందే పొట్ట లోపలి పొరలోని ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అనే కండరం బిగుసుకుంటుంది. నడుము నొప్పి ఉన్నవారిలో ఈ బిగువు ఆలస్యంగా వస్తోందని 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపారు. దీని నుంచి చాలామంది రోజంతా పొట్టను లోపలికి పీల్చి ఉంచాలన్న సలహా తీశారు. ఆ పరిశోధన చెప్పింది అది కాదు. అది చూపింది సమయంలో తేడాను, అదీ క్షణంలో చిన్న భాగం. ఊపిరి బిగబట్టి నడుమును కర్రలా ఉంచుకోవడం ఎవరికీ మేలు కాదు.

2015లో కాక్రేన్ సంస్థ 10 ప్రయోగాలను, 510 మంది నడుము నొప్పి రోగులను పరిశీలించింది. దాదాపు ఏమీ చేయకపోవడం కన్నా పిలాటిస్ నొప్పినీ ఇబ్బందినీ తగ్గిస్తుందని, ఇతర వ్యాయామాల కన్నా మెరుగన్న గట్టి ఆధారం మాత్రం లేదని తేల్చింది. నాకు ఇది మంచి వార్తే. స్టూడియో రుసుము భరించలేనివారు నడకతో, ఇంట్లో చాప మీద చేసే వ్యాయామంతో కూడా కోలుకోవచ్చు.

భంగిమ విషయంలోనూ ఇదే మాట. అందరికీ పనికొచ్చే ఒకే సరైన భంగిమ లేదు. ఎంత నిటారుగా కూర్చున్నా, గంటలకొద్దీ కదలకపోతే నడుము అలసిపోతుంది. తరచూ భంగిమ మార్చగలిగేంత బలం, మెళకువ ఇవ్వడమే శిక్షణ చేసే మేలు.

కొందరు ముందు వైద్యుణ్ని కలవాలి. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం అదుపు తప్పినా అది అత్యవసరం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎముకలు గుల్లబారినవారు, ముఖ్యంగా రుతుక్రమం ఆగిన స్త్రీలు, ఆ సంగతిని ఉపాధ్యాయుడికి మొదటి రోజే చెప్పాలి. వెన్నును ముందుకు చుట్టి లేచే రోల్ అప్ వంటివి వారి వెన్నుపూసలను నలిపేయగలవు. వాటిని మానేసి, వెన్ను నిటారుగా ఉండగా చేసేవి ఎంచుకోవాలి.