డ్యూటీలో ఉన్నప్పుడు విశ్వాసం గురించి మాట్లాడొచ్చా?

స్టీల్ ప్లాంటులో పనిచేసే ఒక సోదరుడు అడిగారు: "ప్రభువు గురించి నోరు తెరిస్తే, మతం మార్చడానికి వచ్చాడంటారేమో?" ఈ భయం ఉత్తదేం కాదండి.

సువార్త పని ఫాదర్లు, సిస్టర్లది మాత్రమే కాదు, జ్ఞానస్నానం పొందిన అందరిదీ అని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. ఎలా చేయాలి? ఆరవ పౌలు జగద్గురువులు 1975లో ఒక వరస చెప్పారు. ముందు మాటల్లేని సాక్ష్యం. అది చూసి పక్కవాళ్లకి ప్రశ్న పుడుతుంది. అప్పుడు జవాబు మాటల్లో చెప్పాలి. మనలో కొందరు జవాబుతోనే మొదలెడతారు, ఇంకొందరు అడిగినా నోరు విప్పరు!

మన రాస్ హిల్ చూడండి. మరియమాత గుడి పక్క కొండల మీదే దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించే హిందూ సోదరులు ఎందరో. వాళ్లనెవరూ బలవంతపెట్టలేదు కదా.

తోటి కార్మికుడి తల్లి కేజీహెచ్‌లో ఉంటే, నైట్ షిఫ్టు దిగి వెళ్లి కూర్చోండి. "నువ్వెందుకొచ్చావురా?" అంటాడు. "మా ప్రభువు రోగుల్ని చూడమన్నారు. అమ్మ కోసం జపమాల చెప్పుకుంటున్నాను" అనండి, చాలు. అతను మాట మారిస్తే మీరూ మార్చేయండి. మళ్లీ అడిగితే అప్పుడు కూర్చుని మాట్లాడండి.