పిల్లి తల గోడకి ఆనించి నిలబడితే...

"పిల్లికి మెదడులో గడ్డా?" అని ముక్కున వేలేసుకుంటున్నారా? కిందటేడు నేనూ అలాగే వేసుకున్నాను.

మా బుజ్జికి పదమూడేళ్ళు. గిన్నె చప్పుడైతే చాలు, వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేది. అలాంటిది మూల ముడుచుకుని పడుకోవడం, ఎప్పుడూ ఒకవైపుకే గుండ్రంగా తిరగడం, తల గోడకి ఆనించి నిలబడిపోవడం మొదలుపెట్టింది. "ముసలిదైపోయింది లెండి" అన్నాను మావారితో. రెండు నెలల తర్వాత ఫిట్స్ వచ్చి కొట్టుకుంటుంటే మా అత్తగారు తాళాలగుత్తి తెమ్మన్నారు! పశువుల డాక్టరుగారు చూసి, ముసలి పిల్లికి కొత్తగా ఫిట్స్ వస్తే మెదడులో గడ్డ వుందేమో చూడాలన్నారు. ఆయన్ని అడిగీ, చదివీ తెలుసుకున్నవి మీకూ చెబుతాను.

పిల్లుల మెదడు గడ్డల్లో ఎక్కువగా కనిపించేది మెనింజియోమా. చాలావరకు పెద్ద వయసు పిల్లులకే వస్తుంది. మెదడుని కప్పే పొరల్లో పుట్టి, మెల్లగా పెరుగుతూ మెదడుని నొక్కుతుంది. సాధారణంగా వేరే అవయవాలకి పాకదు. పిల్లుల్లో ఇది గట్టిగా, విడిగా వుంటుంది కాబట్టి, ఎండిన కొబ్బరిచిప్పలోంచి కుడుక ఊడొచ్చినట్టు చాలాసార్లు శుభ్రంగా వచ్చేస్తుందట. కుక్కల్లో అంత తేలిగ్గా రాదు.

ముందు ఎమ్మారై స్కాన్ తీస్తారు. పిల్లి కదలకూడదు కనుక దానికే మత్తివ్వాలి. తర్వాత పుర్రె ఎముక కొంత తెరిచి గడ్డ తీస్తారు. 1994లో అమెరికాలో అచ్చయిన లెక్క ప్రకారం, 42 పిల్లులకి ఈ ఆపరేషన్ చేస్తే 8 ఆ వెంటనే పోయాయి. మొత్తమ్మీద సగం రెండేళ్ళు బతికాయి. పిల్లి జీవితంలో రెండేళ్ళంటే తక్కువా చెప్పండి!

అయితే ఖర్చెక్కువ, అన్నిచోట్లా చెయ్యరు. గడ్డ లోతుగా వున్నా, వేరే రకమైనా ఆపరేషన్ కుదరకపోవచ్చు. అప్పుడు వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు, ఫిట్స్‌కి మందులు ఇస్తారు. గడ్డ పోదు గాని కొంతకాలం ఉపశమనం వుంటుంది.

మా బుజ్జికి కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయి. స్కాన్‌కి మత్తు కూడా తట్టుకోదన్నారు. గడ్డేనని తేలనేలేదు. మందులతో నాలుగు నెలలు మా మధ్యే తిరిగి వెళ్ళిపోయింది. ఆపరేషన్ చేయించలేదని నాకు బాధ లేదు. "వయసులే" అని ఆ రెండు నెలలు ఊరుకున్నానే, అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

మీ ఇంట్లో పిల్లి వుంటే ఇవి గుర్తుంచుకోండి:

* ఒకవైపుకే తిరగడం, తల గోడకి ఆనించడం, చూపు తగ్గడం, స్వభావం మారడం కనిపిస్తే డాక్టరుకి చూపించండి. వేరే జబ్బుల్లోనూ ఇవి వుంటాయి, కాబట్టి కంగారుపడకండి.

* ఫిట్స్ వస్తే తాళాలొద్దు, నోట్లో నీళ్ళొద్దు, వేళ్ళు అసలే వద్దు. చుట్టూ సామాను తీసేసి గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే వెంటనే బయల్దేరండి.

* మనం వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ పిల్లికి విషం. ముక్క కూడా పెట్టకండి.

నోరులేని జీవి తన బాధ చెప్పుకోలేదు. రోజూ కంచం పెట్టే మనమే కనిపెట్టాలి.