కొండదారి ఎక్కే సరుకు వాహనం: వెనుక కమాను కట్ట, మర పోయిన బోల్టుల మరమ్మతు

ధర్మపురి పట్టణానికి చేరువలో, తూర్పు కనుమలలో వత్తల్‌మలై ఉంది. కొండపైన మలయాళి గిరిజనుల పల్లెలు ఉన్నాయి. ఈ పేరుకు కొండవాసులని అర్థం. కేరళ మలయాళీలు వేరు. సామలు, కాఫీ, మిరియాలు అక్కడి పంటలు. ఆ పంట కిందికి దిగాలన్నా, సిమెంటు, ఎరువు, కిరాణా సరుకు పైకి చేరాలన్నా మలుపుల ఘాట్ దారిలో చిన్న సరుకు వాహనాలే ఆధారం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో తెలుగు మాట్లాడేవారు తరతరాలుగా ఉన్నారు. బతుకుతెరువు కోసం కొత్తగా వచ్చి పికప్ బండి నడుపుకొనేవారూ ఉన్నారు. అటువంటి కుటుంబానికి బండే పెట్టుబడి, బండే జీతం. దాని వెనుక భాగాన్ని పట్టి ఉంచే కొన్ని బోల్టుల సంగతి తెలిసి ఉండడం ఆస్తికీ ప్రాణానికీ మేలు.

బరువు మోసేది ఏది, పట్టి ఉంచేది ఏది

పికప్ బండ్లలో ఎక్కువ వాటికి వెనుక వైపు ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చిన కమాను కట్టలు ఉంటాయి. కట్ట ముందు కొస ఛాసిస్‌కు బోల్టుతో, వెనుక కొస షాకిల్ అనే ఊగే లంకెతో కలుస్తాయి. బరువుకు కమాను సాగినప్పుడు దాని పొడవు మారుతుంది. ఆ మార్పుకు చోటిచ్చేది షాకిల్. ఈ కీళ్ళలోని బుష్షులు రాపిడిని, కుదుపును తగ్గిస్తాయి. గుంతలో పడిన తరువాత బండి ఊగిసలాడకుండా ఆపేది షాక్ అబ్జార్బర్.

వెనుక ఇరుసు హౌసింగును కమానుకు అదిమి ఉంచేవి యూ బోల్టులు. ఇక్కడొక అపోహ ఉంది. కట్ట నడుమ ఉండే సెంటర్ బోల్టే ఇరుసును కదలకుండా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. అది పట్టీలను ఒక వరుసలో ఉంచి, ఇరుసు కూర్చోవలసిన చోటును చూపుతుంది. అంతవరకే దాని పని. నాలుగు యూ బోల్టుల బిగింపు వలన పుట్టే ఒత్తిడి, ఆ ఒత్తిడి వలన కలిగే ఘర్షణ ఇరుసును నిలుపుతాయి. యూ బోల్టులు వదులైతే ఆ భారమంతా సన్నని సెంటర్ బోల్టుపై పడుతుంది, అది తెగుతుంది. కాబట్టి సెంటర్ బోల్టు తెగిన బండికి కొత్తది వేసి పంపితే మరమ్మతు పూర్తయినట్టు కాదు. యూ బోల్టులు ఎందుకు వదులయ్యాయో చూడనంత కాలం కొత్త బోల్టు కూడా తెగుతూనే ఉంటుంది.

ఘాట్ దారిలో ఈ పరీక్ష తీవ్రమవుతుంది. ఎక్కేటప్పుడు బరువు వెనుకకు ఒరుగుతుంది. ఇంజను బలం హౌసింగును ఒక దిశలో మెలిపెడుతుంది. దిగేటప్పుడు బ్రేకు బలం దానిని ఎదురు దిశలో మెలిపెడుతుంది. మలుపులో వెలుపలి కమానుపై బరువు పెరుగుతుంది. అంటే వదులైన బిగింపు ప్రయాణం పొడవునా ముందుకు, వెనుకకు కదులుతూనే ఉంటుంది.

ముందుగా కనిపించే సూచనలు

నట్టు చుట్టూ ఎర్రని తుప్పు పొడి కనిపిస్తే, కమాను కింద ఇనుము రాపిడికి మెరుస్తుంటే బిగింపు సడలినట్టే. బండి తిన్నగా పోతున్నా వెనుక భాగం ఒక ప్రక్కకు జరిగినట్టు కనిపించడం, ఒక వెనుక టైరు మడ్‌గార్డుకు దగ్గర కావడం, గేరు వేసి కదిలించగానే వెనుక ‘టక్’మని శబ్దం రావడం ఇతర సూచనలు. చదునైన నేలపై చక్రాలను తిన్నగా నిలిపి, ముందు చక్రపు నడుమ నుండి వెనుక చక్రపు నడుమ వరకు రెండు ప్రక్కలా టేపుతో కొలవవచ్చు. కొలతలలో స్పష్టమైన తేడా ఉంటే సరుకు ఎక్కించకుండా పరీక్ష చేయించాలి.

మర ఎందుకు పోతుంది

బోల్టు మర పోవడానికి సాధారణ కారణాలు మూడు. మొదటిది అతి బిగింపు. పానాకు పైపు తగిలించి బలమంతా వేస్తే బోల్టు సాగుతుంది, మర జారుతుంది. రెండవది పొంతన లేని మర. 12 మిల్లీమీటర్ల బోల్టులో సాధారణ మర అంతరం 1.75 మిల్లీమీటర్లు, సన్నమరలో 1.25 లేదా 1.5 ఉంటుంది. లావు ఒకటే కాబట్టి నట్టు రెండు చుట్లు ఎక్కుతుంది. ఆ తరువాత బలవంతం చేస్తే రెండింటి మరా పాడవుతుంది. కొత్త నట్టు మొదట చేతితోనే తిరగాలి. మూడవది తుప్పు, బురద. వాటిని తీగ బ్రష్షుతో తుడవకుండా విప్పితే మర చిరుగుతుంది.

బోల్టు తలపై 8.8, 10.9 వంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకెను 100తో గుణిస్తే ఒక చదరపు మిల్లీమీటరుకు అది తెగే బలం న్యూటన్లలో తెలుస్తుంది. రెండవది ఆ బలంలో ఎంత వంతు వద్ద బోల్టు శాశ్వతంగా సాగుతుందో చెబుతుంది. 10.9 ఉన్నచోట అంకె లేని బోల్టు వేయడం చౌకగా కనిపించినా ప్రమాదమే.

విప్పడం, సరిచేయడం

పట్టేసిన నట్టుకు తుప్పు విడిపించే నూనె పట్టించి కొంతసేపు నాననివ్వాలి. రబ్బరు బుష్షులపై ఆ నూనె పడకుండా చూడాలి. తల అరిగిన బోల్టుకు పన్నెండు కోణాల సాకెట్టు కంటే ఆరు కోణాలది పట్టు ఇస్తుంది. అదీ జారితే తలపై వేరొక నట్టును వెల్డు చేసి తిప్పడమో, గ్రైండరుతో కోయడమో మెకానిక్ పని. బ్రేకు పైపు, డీజిల్ ట్యాంకు, రబ్బరు భాగాల దగ్గర మంట వాడరాదు.

బ్రాకెట్టులో స్వల్పంగా దెబ్బతిన్న మరను ట్యాప్‌తో సరిచేయవచ్చు. పూర్తిగా పోయినచోట రంధ్రాన్ని కొద్దిగా పెంచి, కొత్త మర కోసి, తీగచుట్ట ఆకారపు మర తొడుగు అమర్చే పద్ధతి ఉంది. అయితే యూ బోల్టుకూ, సెంటర్ బోల్టుకూ, షాకిల్ బోల్టుకూ ఇటువంటి సర్దుబాటు తగదు. నట్టుతో సహా మార్చాలి. ఒకసారి బిగించి విప్పిన యూ బోల్టు సాగి ఉంటుంది. దానిని మరల వాడకుండా కొత్త జత వేయడమే క్షేమం. యూ బోల్టును గానీ కమాను పట్టీని గానీ వెల్డు చేయకూడదు. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. అతుకు దగ్గరే విరుగుతుంది.

నాలుగు నట్లను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించి, చివర తయారీదారు చెప్పిన కొలతకు టార్క్ రెంచితో ముగించాలి. రబ్బరు బుష్షులున్న బోల్టులను బండి బరువు చక్రాలపై పడిన తరువాతే చివరిసారి బిగించాలి; గాలిలో బిగిస్తే బుష్షు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. బరువుతో కొంతదూరం తిరిగాక యూ బోల్టులు కొద్దిగా సర్దుకుంటాయి. అందుకే పుస్తకంలో చెప్పిన దూరం పూర్తి కాగానే మరల బిగింపు చూపించాలి. చాలామంది మరచేది ఈ పనినే.

అదనపు పట్టీ, చట్టం

కట్టకు ఒక పట్టీ కలిపిస్తే కమాను గట్టిపడవచ్చును గాని, బ్రేకులు, ఇరుసు, టైర్ల సామర్థ్యం పెరగదు. రిజిస్ట్రేషను పత్రంలోని బరువు పరిమితీ మారదు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను ప్రకారం అధిక భారానికి రూ. 20,000, అదనపు టన్నుకు రూ. 2,000 చొప్పున జరిమానా. మిగులు సరుకును దింపించే ఖర్చు కూడా బండివారిదే. సరుకు వాహనానికి ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ పత్రం పొందాలి.

మెకానిక్ దగ్గర

తమిళం కొత్తైనవారికి కొన్ని మాటలు ఉపయోగపడతాయి. తెలుగులో ‘మర’ అన్నది అక్కడ ‘మరై’. కమాను కట్టను ‘కమాన్ పట్టై’ అంటారు. బోల్టు, నట్టు, జాకీ రెండు భాషలలో ఒకటే. తీసిన పాత బోల్టులను అడిగి తీసుకొని చూడాలి. మర ఎక్కడ పోయిందో, మెడ ఎక్కడ సన్నబడిందో అవే చెబుతాయి.

దారిలో బండి చెడినప్పుడు వాలులో జాకీ ఎత్తి కిందికి దూరరాదు. చదును చోటు చూసి, చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి స్టాండ్లపై ఛాసిస్‌ను నిలిపిన తరువాతే చేయి పెట్టాలి. వెనుక ఇరుసు జరిగిన బండిని నెమ్మదిగానైనా కొండ దింపాలని చూడకుండా, సరుకును వేరొక బండిలోకి మార్చడమే మంచిది. ప్రమాదం జరిగితే 108కు గానీ 112కు గానీ ఫోను చేయవచ్చు.