పశువుల డాక్టరుకు తోడెవరు?

ఇంగ్లండులో కుక్కనో పిల్లినో పెంచుకునే తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే, పిల్లల స్కూళ్ళ కబుర్లు అయిపోగానే వచ్చేది వెట్ బిల్లు మాటే. పళ్ళు శుభ్రం చేసినందుకు ఇంత, స్కాన్‌కి అంత అని లెక్కలు చెప్పుకుంటాం. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. కానీ ఈ పోస్టు బిల్లు గురించి కాదు. ఆ బిల్లు మన చేతికి రాకముందు, బల్లకు అవతల నిలబడి మన పిల్లి పొట్ట నొక్కి చూసిన ఇరవై నాలుగేళ్ళ డాక్టరమ్మ గురించి. ఆమెకు అనుమానం వస్తే ఎవర్ని అడుగుతుంది?

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళు రాసిన కోడ్ ఇంకొకరు చూడకుండా బయటికి వెళ్ళదు. ఏదైనా తేడా వచ్చినా పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళే దారి ఉంటుంది. వెట్‌కి ఆ వెసులుబాటు లేదు. ఎదురుగా ఉన్న రోగి ఎక్కడ నొప్పో చెప్పదు. పక్కనున్న యజమాని ముందు ఖర్చెంత అంటాడు. మందులు, ఆపరేషన్, డబ్బు లెక్క, చివరికి ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చడం, అన్నీ ఒకే మనిషి ఒకే రోజులో చెయ్యాల్సి రావచ్చు. ఒక గదిలో ఏడుస్తున్న కుటుంబాన్ని ఓదార్చి, పక్క గదిలో కొత్త కుక్కపిల్లను తెచ్చిన పిల్లల ముందు నవ్వుతూ నిలబడాలి.

దీని ప్రభావం అంకెల్లో కనిపిస్తుంది. అమెరికాలో 1979 నుంచి 2015 వరకు చనిపోయిన వెట్ల రికార్డులను సీడీసీ పరిశోధకులు పరిశీలించారు. సాధారణ జనంతో పోలిస్తే ఆత్మహత్యలు మగవాళ్ళలో 2.1 రెట్లు, ఆడవాళ్ళలో 3.5 రెట్లు ఎక్కువని తేలింది. బ్రిటన్‌లో అంతకుముందు వచ్చిన అధ్యయనాలదీ ఇంచుమించు ఇదే మాట. కారణం ఒక్కటే అని ఎవరూ అనరు. పని భారం, ఒంటరితనం, ప్రాణం తీసే మందులు చేతికి అందుబాటులో ఉండటం, ఇలా చాలా ఉన్నాయి. వీటిలో ఒంటరితనం ఒక్కటి మాత్రం పక్కనున్న మనుషులు తగ్గించగలిగేది.

ఈ వృత్తిలో పక్కన నిలబడటం అంటే ఏమిటో చెప్పే పాత కథ ఒకటుంది. ఎలీన్ కస్ట్ 1868లో ఐర్లండులో పుట్టింది. ఎడింబరోలో పశువైద్యం చదివింది. ఆడపిల్ల కాబట్టి రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ (ఇక్కడివాళ్ళు ఆర్‌సీవీఎస్ అంటారు) ఆమెను పరీక్షకు కూర్చోనివ్వలేదు. ఆమె 1900లో చదువు ముగించినప్పుడు చేతిలో డిగ్రీ లేదు, ప్రిన్సిపాల్ విలియమ్ విలియమ్స్ రాసిచ్చిన యోగ్యతాపత్రం తప్ప. ఆ కాగితం చూసి, రోస్‌కామన్ జిల్లాలో విలియమ్ బర్న్ అనే వెట్ ఆమెను తన సహాయకురాలిగా పెట్టుకున్నాడు. అధికారికంగా డాక్టరు కాకుండానే ఆమె ఏళ్ళ తరబడి గుర్రాలకూ గొడ్లకూ వైద్యం చేసింది. ఆయన చనిపోయాక ఆ ప్రాక్టీసును తనే నడిపింది. 1919లో చట్టం మారాక, 1922లో ఆర్‌సీవీఎస్ ఆమెకు డిప్లొమా ఇచ్చింది. ఇవాళ బ్రిటన్‌లో వెట్లలో సగానికి పైగా ఆడవాళ్ళే. ఆ దారి మొదట్లో ఒక యోగ్యతాపత్రం, ఒక ఉద్యోగం ఉన్నాయి.

జేమ్స్ హెరియట్ పుస్తకాలు చదివినవాళ్ళకు ఆ తర్వాతి కాలం పరిచయమే. అసలు పేరు ఆల్ఫ్ వైట్. గ్లాస్గోలో చదువు ముగించి, 1940లో యార్క్‌షైర్‌లోని థర్స్క్ ఊళ్ళో డోనాల్డ్ సింక్లెయిర్ దగ్గర చేరాడు. యజమాని అదే ఇంట్లో ఉంటాడు, తిడతాడు, నేర్పుతాడు. అర్ధరాత్రి ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ఎవర్ని లేపాలో కుర్ర డాక్టరుకు తెలుసు.

1999 తర్వాత వెట్లు కానివాళ్ళు కూడా ప్రాక్టీసులకు యజమానులు కావడానికి దారి తెరుచుకుంది. పోటీ వ్యవహారాలు చూసే సీఎంఏ లెక్క ప్రకారం 2013లో పదింట ఒక ప్రాక్టీసు పెద్ద గ్రూపుల చేతిలో ఉండేది. పదేళ్ళలో అది 60 శాతం దగ్గరికి చేరింది. ఇందులో అంతా చెడే అనడం అన్యాయం. పెద్ద గ్రూపులకు శిక్షణ విభాగాలుంటాయి, సెలవు పెడితే బదులు మనిషిని పంపే వీలుంటుంది. కానీ యజమాని పక్క గదిలోంచి ఎక్కడో ఉన్న ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మరి అనుమానం వచ్చినప్పుడు తలుపు తట్టేది ఎవరిది?

దీనికి ఆర్‌సీవీఎస్ 2021లో ఒక జవాబు పెట్టింది. వెట్‌జీడీపీ అనే కార్యక్రమం. కొత్త గ్రాడ్యుయేటుకు పని ఇచ్చే ప్రాక్టీసు, అందుకు అనుమతి పొంది ఉండాలి. అక్కడే పనిచేసే అనుభవమున్న వెట్ ఒకరు ప్రత్యేక శిక్షణ తీసుకుని సలహాదారుగా ఉండాలి. వారానికి సుమారు గంట సమయం ఆ కొత్తవాళ్ళ కోసం కేటాయించాలి. ఏయే పనులు వాళ్ళకు ఒంటరిగా అప్పజెప్పవచ్చో ఇద్దరూ చూసుకుంటూ, రాసుకుంటూ పోవాలి. మా కోడ్ రివ్యూకి ఇది అన్నయ్య లాంటిది.

ఇక నాయకత్వం. ఆ మాట వినగానే సూటు, స్లైడ్లు గుర్తొస్తాయి. 2018లో ఆర్‌సీవీఎస్, ఎన్‌హెచ్‌ఎస్ లీడర్‌షిప్ అకాడమీతో కలిసి ఒక ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెట్టింది. ఆవుపొక్కుల నుంచి మశూచి టీకా తీసిన ఎడ్వర్డ్ జెన్నర్ పేరే దానికి పెట్టారు. ప్రాక్టీసులో నాయకత్వమంటే నాకు అర్థమైనది చిన్న పనులే. అపాయింట్‌మెంట్ల మధ్య కొత్తవాళ్ళకు ఊపిరి పీల్చుకునే ఖాళీ ఉంచడం. బిల్లు మీద అరిచే యజమాని ముందుకు తను వెళ్ళి నిలబడటం. రోగి చనిపోయిన రోజు "రా, టీ తాగుదాం" అనడం. ఇది రిసెప్షన్‌లో కూర్చున్నావిడ చెయ్యగలదు, సీనియర్ నర్సూ చెయ్యగలదు. అక్కడ ఎవరూ దొరకనివాళ్ళకు వెట్‌లైఫ్ అనే సంస్థ ఇరవై నాలుగు గంటల ఫోన్ లైన్ నడుపుతోంది.

మా స్నేహితుడి చెల్లెలు గన్నవరంలో బీవీఎస్సీ చదివింది. మన డిగ్రీ ఇక్కడ నేరుగా చెల్లదు. ఇంగ్లీషు పరీక్ష, ఆపైన ఆర్‌సీవీఎస్ వాళ్ళ రాతపరీక్ష, ప్రాక్టికల్స్ దాటాలి, వేల పౌండ్ల ఖర్చు. అవన్నీ దాటాక రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకచోట జీతం బాగా ఎక్కువ. "ఏది తీసుకోమంటారు అన్నయ్యా?" అని ఫోన్ చేసింది. ఇద్దరం కూర్చుని అడగాల్సిన ప్రశ్నలు రాశాం.

మొదటి నెల్లో రాత్రి డ్యూటీ ఉందా? ఉంటే ఫోన్ చేస్తే లేచి వచ్చే సీనియర్ ఎవరు, ఆయన ఎంత దూరంలో ఉంటారు?
ఒక్కో రోగికి ఎన్ని నిమిషాలు?
నాకు సలహాదారు ఎవరు? ఆమెతో పదినిమిషాలు మాట్లాడవచ్చా?
పోయినసారి చేరిన కొత్త వెట్ ఇప్పుడు ఎక్కడున్నారు?

ఎక్కువ జీతం ఇస్తామన్నవాళ్ళు చివరి ప్రశ్నకు మాట మార్చారట. రెండోచోట, పోయినసారి చేరినమ్మాయే వచ్చి ప్రాక్టీసంతా తిప్పి చూపించింది. "ఎక్కడ చేరానో మీకు చెప్పక్కర్లేదనుకుంటా" అని మెసేజ్ పెట్టింది.

ఆ ప్రశ్నలు లండన్‌కే కాదు, మండల కేంద్రానికీ సరిపోతాయి. మన ఊళ్ళలో మొదటి పోస్టింగ్‌కి వెళ్ళిన కుర్ర డాక్టరు చాలాసార్లు ఆ ఆసుపత్రికి ఒక్కడే డాక్టరు. గాలికుంటు టీకాలు, ఈనలేని గేదె, రిపోర్టులు, ఊరి పెద్దల ఫోన్లు, అన్నీ ఆయన నెత్తినే. అప్పుడు అసలు పాఠాలు చెప్పేది అక్కడే ఏళ్ళ తరబడి పనిచేస్తున్న కాంపౌండరో, పక్క మండలం సీనియరో. వాళ్ళకు ఏ సర్టిఫికెట్టూ ఉండదు, ఆ పనికి వారంలో గంటంటూ ఏదీ రాసిపెట్టి ఉండదు. ఉంటే ఎంత బాగుండును.

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో పశువుల డాక్టర్లుంటే వాళ్ళ మొదటి సంవత్సరం గురించి ఒకసారి అడిగి చూడండి. ఎవరు పక్కన నిలబడ్డారో వాళ్ళు పేరుతో సహా చెబుతారు.